నార్పోలి ఎర్రదారాలు

తొంభైల చివర్లో, సరిహద్దు కొండల మీద పోరు మొదలైన ఎండాకాలంలో, సైనిక వస్త్రాల తనిఖీ అధికారిగా నన్ను మహారాష్ట్రలోని మరమగ్గాల ఊరు భివండికి వేశారు. సైన్యానికి గుడారాలు తక్షణం కావాలి. వాటి లోపలి పొరకు పనికొచ్చే తెల్లబట్టను ఆ ఊళ్లోని నార్పోలిలో నర్సయ్య గారి పవర్లూముల మీద నేస్తున్నారు. కొంత మనకు, కొంత పొరుగున ఉన్న మిత్రదేశపు సైన్యానికి. ఆ పొర చిరిగితే మంచులో గుడారం ఉన్నా లేనట్టే.

అడ్డంగా నేసే పేకదారం తెగినా పవర్లూము ఒక్కోసారి వెంటనే ఆగదు. అక్కడ బట్ట పలచని పట్టీలా వస్తుంది. నర్సయ్య గారి షెడ్డులో అలాంటి చోట నేతపనివాడు అంచుకు ఎర్రదారం కట్టేవాడు. కొన్నవాడు అది చూసి ఆ ముక్క తీసేస్తాడు. దాపరికం లేని ఆ పద్ధతి నాకు నచ్చింది. ఎర్రదారం ఉన్నచోట కత్తిరించి పారేయాలన్న షరతు మీద సరుకును ఆమోదించి, గుడారాల ఫ్యాక్టరీకి అదే రాశాను.

మామూలుగా తనిఖీ అయిన చోటే, నా కళ్లముందే బేళ్లు కట్టి సీలు వేయాలి. ఈసారి పైనుంచి వేరే ఉత్తర్వు వచ్చింది. తనిఖీ మాత్రం నర్సయ్య గారి షెడ్డులో, బేళ్లు కట్టి సీలు వేయడం నేను లేకుండా, లారీలు సిద్ధంగా ఉన్న అంజూర్ ఫాటా దగ్గరి గోడౌన్లో. అభ్యంతరం రాశాను. యుద్ధం జరుగుతుంటే మీ సీలు గోలేమిటని మా పెద్దాఫీసరు ఫోన్లో విసుక్కున్నాడు. ఒళ్లు మండింది. కానీ ఉత్తర్వు ఉత్తర్వే.

కొన్ని వారాలకు నర్సయ్య గారు ఆఫీసుకు వచ్చారు. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"కొంప మునిగింది సారూ! వేరే మాల్ దించనీకి గోడౌన్‌కు పోయిన. మనం కట్టిన ఎర్రదారాలు ధాగా కటింగోళ్లు కోసేశిన్రట."

ధాగా కటింగ్ అంటే బట్టకు వేలాడే దారాలు కోసి శుభ్రం చేయడం. భివండిలో బట్ట బేలుకెక్కే ముందు ఆ పని జరిగితీరుతుంది, ఎవరూ చెప్పనక్కర్లేదు. వెంటనే ఫ్యాక్టరీకి ఫోన్ చేశాను. కుట్టడం, పంపడం రెండూ అయిపోయాయి. దారాలు కనబడలేదు కనుక దోషాలూ లేవనుకున్నారట. గుడారాలు వెనక్కి రప్పించమని పైకి రాశాను, ఎవరూ పట్టించుకోలేదు.

ఎవరైనా కావాలని చేయించారేమోనని, నర్సయ్య గారిని వెంటబెట్టుకుని దగ్గర్లోని కామత్‌ఘర్ బస్తీకి వెళ్లి ఆ పని చేసిన లక్ష్మవ్వను అడిగాను.

"మిల్ట్రీ పోరగాండ్లకు పోయే బట్ట గదా బిడ్డా! ఒక్క దారం గూడ ఇడిశిపెట్టలే. చూశినవా, ఎంత సాఫ్ జేశిన్నో!" అంది గర్వంగా.

నర్సయ్య గారు తల వంచుకుని, "మంచిగ జేశినవ్ అవ్వా" అన్నారు.

చలికాలంలో నివేదికలు వచ్చాయి. గాలికి పొరలు సరిగ్గా ఆ పలచని పట్టీల దగ్గరే చిరిగాయి. మన శిబిరంలో ఒక జవాను కాలివేళ్లు మంచుకు చచ్చుబడి, తీసేయాల్సి వచ్చింది. మిత్రదేశం తన వంతు గుడారాలు వెనక్కి పంపింది. ఆ తర్వాత మన సరుకు మీద వాళ్లకు నమ్మకం కుదరలేదు. నర్సయ్య గారికి సర్కారు పని ఆగిపోయింది, మగ్గాలు తుక్కుకు పోయాయి. మా పెద్దాఫీసరుకు మాత్రం ప్రమోషన్ వచ్చింది.

విచారణలో పదేపదే ఆ దారాలు తీయించిన దొంగ ఎవరని అడిగారు. దొంగ లేడంటే ఎవరూ నమ్మలేదు. తనిఖీకీ సీలుకూ మధ్య సరుకు మీద ఇంకొకరి చెయ్యి పడకూడదన్న నియమం దొంగల కోసం పెట్టిందనే నేనూ అంతవరకు అనుకునేవాణ్ణి. అది లక్ష్మవ్వ లాంటి మంచి పనివాళ్ల కోసం కూడా.