బుర్గా స్వరం, ఊరి దగ్గు

టిరోల్ కొండల్లో రొట్టెలమ్మే బుర్గా ఊరి బ్యాండులో క్లారినెట్ వాయిస్తుంది. కింది స్వరం నుంచి పైకి ఎక్కేచోట వేళ్లన్నీ ఒక్కసారే రంధ్రాలు మూయాలి. ఇంట్లో బాగానే పలుకుతుంది. కచేరీలో ఏదో ఒక వేలు ఆలస్యమై కీచుమంటుంది. అది వినబడకుండా ఏటా అక్కడికి రాగానే ఆమె భర్త ఫైట్ గట్టిగా దగ్గుతాడు. ఈ ఏడు గొంతు పూడుకుపోయి, ఆ పని ఊరివాళ్లకు అప్పగించాడు.

ఈసారి బుర్గా కుడిచేతి వేళ్లతో రంధ్రాలు ముందే మూసిపెట్టి, నెమ్మదిగా ఊదింది. స్వరం వెన్నలా జారింది. అప్పుడే హాలు హాలంతా దగ్గింది.

"మీ దగ్గులు తగలెయ్య! ఇన్నేళ్లకి సరిగ్గా పలికితే విననిచ్చారు కాదే!" అని వేదిక మీంచే అరిచింది.

"మళ్లీ వాయించవే, ఎవరూ దగ్గరు," అన్నాడు ఫైట్ బొంగురుగా.

వాయించింది. కీచుమంది. మాట ప్రకారం ఒక్కరూ దగ్గలేదు.