రిలీవర్ వచ్చిన రోజు

స్టీల్ ప్లాంట్‌లో ఒక రివాజు ఉంది. తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి యంత్రం ముందు నిలబడేదాకా ముందు షిఫ్టు మనిషి కదలకూడదు. ఆ వచ్చే మనిషిని రిలీవర్ అంటారు. రిలీవర్ రాకపోతే డబుల్ డ్యూటీ. పెళ్లయిన కొత్తలో మా ఆయన డబుల్ కొట్టి ఇంటికొచ్చినప్పుడల్లా నేను దెబ్బలాడేదాన్ని.

"ఏటండీ, ఇంటి దగ్గర పెళ్లాం ఎదురుచూస్తన్నాదని ఆ కొలిమికి చెప్పి రావచ్చు కదా!"

ఆయనది గోదావరి వైపు. కోపం తీరిగ్గా వస్తుంది. "చెప్పానే. నిన్నొకసారి వచ్చి చూడమంది," అనేవారు.

యంత్రం మనిషిని ఎలా కట్టిపడేస్తుందో నాకు అప్పుడు తెలియదు. నాకంటూ ఒక యంత్రం తయారుచేసుకున్నాక తెలిసింది.

నేను ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. చాలా ఏళ్ల క్రితం ఒక ప్రోగ్రామ్ రాశాను. సముద్రం ఏ రేవులో ఏ వేళకి ఎంత పోటెత్తుతుందో, ఎప్పుడు వెనక్కి తీస్తుందో ముందే లెక్కగట్టి చెబుతుంది. ఓపెన్ సోర్స్. అంటే ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూడవచ్చు, నచ్చకపోతే నన్ను తిట్టవచ్చు. మూడో హక్కును జనం బాగా వాడుకున్నారు.

మొదట్లో అది మన ఓడరేవు కోసమే. అందుకని పోటు వేళను మన గడియారం ప్రకారమే చెప్పేది. విశాఖపట్నంలో కూర్చుని ఇంకెవరి గడియారం చూస్తాం? తర్వాత అది దేశాలు పట్టుకుపోయింది. అక్కడివాళ్లు నాతో ఒక్క మాటైనా అనకుండా, అది చెప్పిన వేళలోంచి, మన గడియారం ప్రపంచ సమయం కన్నా ముందుండే ఐదున్నర గంటలూ తీసేసుకుని వాడుకోవడం మొదలుపెట్టారు. ఆ తీసివేత వాళ్ల వాళ్ల ప్రోగ్రాముల్లో, ఎవరికీ గుర్తులేని మూలల్లో మేకుల్లా దిగిపోయింది. ఇప్పుడు నేను గడియారాన్ని ప్రపంచ సమయానికి మారిస్తే, వాళ్ల ప్రోగ్రాములు అలవాటు చొప్పున ఐదున్నర గంటలు తీసేసి తప్పు చెబుతాయి. మార్చకపోతే, కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ మొదటిరోజే బోల్తా పడతారు.

ఇలాంటి చిక్కుకి మా పనిలో ఒక పద్ధతి ఉంది. ప్రతి విడుదలకీ మూడు అంకెలుంటాయి, మధ్యలో చుక్కలతో. చివరి అంకె మారితే చిన్న మరమ్మతు. మధ్య అంకె మారితే కొత్త సదుపాయం, పాతవాటికి ఏ ఇబ్బందీ లేదు. మొదటి అంకె మారితే మాత్రం, 'మీ పాత లెక్కలు తప్పుతాయి, చూసుకుని ముందుకు రండి' అని హెచ్చరిక. అది నోటితో ఇచ్చే మాటకన్నా గట్టిది. గడియారం మార్చాలంటే 'ఒకటి' పోయి 'రెండు' రావలసిందే.

'రెండు' వస్తే నేనూ బయటపడతాను. నా పాత విద్యార్థిని ఒకామె ఇప్పుడు మా కాలేజీలోనే పనిచేస్తోంది, రోజూ పద్మనాభం నుంచి బస్సులో వస్తుంది. ప్రోగ్రామ్ బాధ్యత మొత్తం తీసుకోవడానికి ఆమె సిద్ధమే, ఒక షరతు మీద.

"నాను తీసుకుంతాను మేడమ్. కానీ ఆ గడియారం గొడవ మీరే తేల్సీసి ఇవ్వాల. నాను మార్సితే, 'నిన్న గాక మొన్న వచ్చింది, అంతా పాడు సేసింది' అంతారు."

"నన్నంటే పర్లేదా?"

"మిమ్మల్ని అనీసి ఎవులు బతికి బట్టకడతారు మేడమ్?"

'రెండు' విడుదలకి తేదీ ప్రకటించాను. ఎవరో పరిశోధక విద్యార్థి, థీసిస్ సగంలో ఉంది, ఆగండని రాశాడు. ఆగాను. ఇంకో తేదీ పెట్టాను. ఒక ప్రయోగశాలవాళ్లు సముద్రంలో కొలతలు తీస్తున్నామన్నారు. మళ్లీ ఆగాను. మా మేడమీంచి జాలరిపేట పడవలు కనిపిస్తాయి. ఎక్కడెక్కడి రేవులకో పోటు వేళ చెప్పేదాన్ని, దిగి ఆ ఇసుకదాకా నడిచి ఎన్నాళ్లయిందో నాకే గుర్తులేదు. సాయంత్రమైతే ఉత్తరాలు, ఫిర్యాదులు, మరమ్మతులు.

"అందర్నీ అరిసీగలరు గానీ మేడమ్, ఎవులైనా ప్లీజ్ అంటే సాలు, కరిగిపోతారు," అంది నా శిష్యురాలు. ఒళ్లు మండింది. నిజం కాబట్టే మండింది.

చివరికి వాడేవాళ్లందర్నీ వీడియో మీటింగుకి పిలిచాను. తెల్లజుట్టు పెద్దమనిషి ఒకాయన, ఏదో చలిదేశం నుంచి, మహా మర్యాదగా చెప్పాడు: రెండు రావలసిందే, కానీ ఒకటి చావకూడదు. అందరూ రెండుకి మారేదాకా ఒకటికి మరమ్మతులు చేసే మనిషి ఉండాలి. ఎన్నాళ్లని అడిగాను. మారేదాకా అన్నాడు. ఎప్పుడు మారతారన్నాను. నవ్వాడు. వాదించాను. వచ్చేవాళ్లని వెలుతురులోకి పిలవాలంటే పాత గది తలుపు ఎప్పుడో ఒకప్పుడు వేయాలి కదా అన్నాను. అంతా విని, "అయితే ఇంకో ఏడాది ఆగుదాం," అన్నాడాయన, అంతే మర్యాదగా.

నాకు తిక్క రేగింది. "ఎవరూ ఆగక్కర్లేదు. ఒకటిని నేను చూసుకుంటాను. రెండు అనుకున్న రోజే వస్తుంది."

తెరమీద చప్పట్ల బొమ్మలు. పక్కనే కూర్చున్న నా శిష్యురాలు తల పట్టుకుంది.

"మీరే గెల్సీసినారు మేడమ్. గెల్సి ఏటి తెచ్చుకున్నారో సూసుకోండి."

విడుదల ఆదివారం పొద్దున్న, మా భోజనాల బల్ల మీదే జరిగింది. నా శిష్యురాలు వాళ్ల పొలంలో వంకాయలు సంచీ నిండా తెచ్చి వంటింట్లో పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి, మీట తనే నొక్కింది. రెండు బయటికి వెళ్లిపోయింది. సాయంత్రం బస్సు టైముకి ఆమె కూడా వెళ్లింది, నన్నోసారి వెనక్కి తిరిగి చూసి.

మా ఆయన అప్పటికే చెప్పులేసుకుని గుమ్మంలో ఉన్నారు. బీచ్‌కి వెళదామని పొద్దుటి నుంచీ అనుకుంటున్నాం.

"రిలీవర్ వచ్చినట్టేనా?"

"వచ్చింది. కొత్త మెషీన్ దగ్గర కూర్చుంది."

"మరి పాత మెషీనో?"

జవాబు నేను చెప్పేలోపే కంప్యూటర్ తెరమీద ఉత్తరం వచ్చింది. ఏదో ప్రయోగశాలలో కంప్యూటర్లు మార్చారట, ఒకటి నడవడం లేదట. రెండుకి ఇప్పుడే మారలేం, మీరు మాట ఇచ్చారు కదా అని రాశారు. ఎవరితోనైనా వాదిస్తాను. నేనిచ్చిన మాటతో ఎలా వాదించను?

"పది నిమిషాలు," అన్నాను.

మా ఆయన నన్నూ, తెరనూ మార్చి మార్చి చూశారు. "మొగుడు ఎదురుచూస్తున్నాడని దానికి చెప్పి రావచ్చు కదే," అన్నారు. నవ్వకుండానే అన్నారు. చెప్పులు విప్పి, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లారు.

నేను ఒకటి తెరిచాను. అందులో గడియారం ఇంకా మనదే. దాని లెక్క ప్రకారం ఆ వేళకి ఇక్కడ సముద్రం నిండు పోటు మీద ఉంది.