పిల్లప్ప మామ పిల్లి

బంగారు గనుల ఊరు ఊరిగాంలో మా ఇంటికి ఎదురుగా, గని కార్మికులకు వరసగా కట్టిన రేకుల కప్పు లైను ఇళ్లలో ఒకదాంట్లో పిల్లప్ప మామ ఉండేవాడు. గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. గని మూతపడ్డాక ఆ చేతులతోనే వీధిలో అందరి తలుపులూ కిటికీలూ బాగుచేసి పెట్టేవాడు. భార్య పోయిన తర్వాత ఆ ఇంట్లో ఆయనా, చిట్టి అనే బూడిదరంగు పిల్లీ మిగిలారు. మనుషులతో పెద్దగా మాట్లాడడు గానీ దానితో పొద్దస్తమానం ఏదో ఒకటి చెబుతూనే ఉండేవాడు.

కరోనా రెండోసారి ముంచుకొచ్చిన వేసవిలో ఆయనకూ జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. పరీక్షలో కరోనా అని తేలింది. ఆయాసం లేదు కాబట్టి ఇంట్లోనే విడిగా ఉండమన్నారు. దాంతో వీధి భయమంతా చిట్టి మీదికి మళ్లింది. ఆయన పక్కలో పడుకుని లేచి, గోడలు దూకి అందరి వంటిళ్లలోకీ వస్తుందని గొడవ. ఎక్కడైనా దూరంగా వదిలేసి వస్తానని ఒకాయన గోనెసంచి కూడా తెచ్చాడు.

మా అమ్మ నరసమ్మ ఆయన్ని ఆగమని, నాచేత పశువుల డాక్టరుకు ఫోన్ చేయించింది. పిల్లి నుంచి మనిషికి రావడం చాలా అరుదనీ, రోగమున్న మనిషి నుంచే పిల్లికి అంటుకోవచ్చనీ ఆయన చెప్పాడు. మామకు తగ్గేదాకా దాన్ని వేరేచోట, బయటికి వదలకుండా ఉంచమన్నాడు.

అమ్మ వీధిలో నిలబడి, కిటికీలోంచి మామకు ఆ మాట చెప్పింది. ఆయన ఒళ్లో ఉన్న చిట్టిని కిందికి దించాడు.

"నా వల్ల దానికి వస్తాదా?" అన్నాడు. "అట్లయితే తీసుకపోమ్మా. నా కాడ వద్దు."

చిట్టి మా వెనక గదిలో చేరింది. మొదట పాలు కూడా ముట్టలేదు. తర్వాత తుమ్ములు మొదలయ్యాయి, కళ్ల వెంట నీళ్లు. అది కరోనానో కాదో మాకు తెలియలేదు. అమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకుని, దాని కళ్లు తుడిచి, వేళ్లతో పాలన్నం నాకించేది. సాయంత్రం కిటికీ దగ్గరికి వెళ్లి దాని సంగతి చెప్పి వచ్చేది. పిల్లి సంగతి అయిపోయాక మాటలు ఎటో పోయేవి. అలా ఒకరోజు, ఆయన తండ్రి నంగలి అనే పల్లె నుంచి గని పనికి వచ్చినవాడని బయటపడింది. అమ్మ పుట్టిల్లు కూడా నంగలే.

"ఇన్నేండ్లు ఎదురుగా ఉండి ఒక్కనాడన్నా చెప్పలేదే అన్నా," అంది అమ్మ.

"నువ్వు అడగలేదు కదమ్మా. నేనూ అడగలేదు."

చిట్టి కోలుకుంది. కొన్నాళ్లకు మామ కూడా లేచి తిరిగాడు. దాన్ని ఎత్తుకుని ఇంటికి తీసుకెళ్లాడు గానీ, మర్నాడు పొద్దున్నే అది మళ్లీ మా వంటింట్లో ఉంది. ఇక రోజూ సాయంత్రం దాన్ని వెతుక్కుంటూ వచ్చి మా అరుగు మీద కూర్చునేవాడు. నంగలి మామిడితోటల గురించీ, చిన్నప్పుడు మామ సెలవులకు అక్కడికి వెళ్లిన బస్సు గురించీ ఇద్దరూ చెప్పుకునేవారు. ఆయన అంత పెద్దగా నవ్వగలడని మా వీధికి ఆ ఏడాదే తెలిసింది.