మూడోసారి ఊగితే జబ్బే

తిబుర్సియో మేస్త్రికి ఒకటే జబ్బు. కంటికి కనిపించిన ప్రతిదాన్నీ రెండు చేతులతో గట్టిగా కిందికి అదిమి, టక్కున వదిలేసి, అది ఎన్నిసార్లు ఊగిందో పైకి లెక్కపెట్టేవాడు. కారు ఒకసారి లేచి కుదురుకుంటే ఆరోగ్యం. రెండుసార్లు ఊగితే ముసలితనం. మూడోసారి కూడా ఊగిందంటే షాకబ్జర్లు పోయినట్టే, బండి అక్కడ వదిలేసి నడుచుకుంటూ ఇంటికెళ్లాల్సిందే. నలభై ఏళ్లుగా సాంతియాగో పట్నంలో ముసలి కార్లకు షాకబ్జర్లు మారుస్తున్న మనిషి కనక, కార్ల దగ్గర ఆ అలవాటును ఎవరూ తప్పు పట్టలేదు. చిక్కల్లా, లోకంలో కార్లు కానివి కూడా ఉంటాయన్న సంగతి ఆయనకు పట్టేది కాదు.

కూతురి పెళ్లికి మంచం కొనడానికి వెళ్లి కొట్లో ఉన్న పదకొండు మంచాలూ అదిమి చూశాడు. పన్నెండోదాని మీద ఎవరో దంపతులు కూర్చుని బేరమాడుతున్నారు. వాళ్లు లేవబోతే, "కదలకండి, బరువుంటేనే అసలు గుణం తెలుస్తుంది" అని వాళ్లతో సహా అదిమాడు. చర్చిలో కొత్త బెంచీలు వేసిన ఆదివారం, ప్రసంగం మధ్యలో వెనక వరసలోంచి "ఒకటి... రెండు..." అని వినిపించింది. తన తప్పుల్ని ఎవరో లెక్కపెడుతున్నారనుకుని ఫాదరుగారు ప్రసంగాన్ని సగంలో ముగించేశారు. ఆ వారమంతా పేటలో మేస్త్రికి మహా గౌరవం జరిగింది.

అత్తగారి ఊగుడు కుర్చీ దగ్గర మాత్రం ఇరవై మూడు దాకా లెక్కపెట్టి చేతులెత్తేశాడు.

"దీనికసలు షాకబ్జర్లే పెట్టలేదు. ఎవడు చేశాడీ కుర్చీ?"

"ఊగడానికేగదయ్యా అది!"

"అందుకే మీ నడుము అలా తగలడింది."

ఇలాంటి మనిషి దగ్గరికి ఒక గురువారం పొద్దున నెరెయిదా తన కోంచో తీసుకొచ్చింది. ముందు ఇద్దరినీ వెనక నలుగురినీ కుక్కుకుని, ఒకే దారిలో పొద్దస్తమానం తిరిగే కారు అది. భర్త పోయాక ఆ ముప్పై ఐదేళ్ల కరోలా, స్టాండులో ఆయన వరసా ఆమెకు మిగిలాయి. రోజుకు పద్నాలుగు గంటలు. ఆమె దారిలో గుంతలు ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేదు గానీ, గట్లు మాత్రం పంతొమ్మిది. పిల్లలు ఆడుకుంటున్నారని ఒకరు, కోడి చచ్చిందని ఒకరు, పక్కింటివాడు కట్టాడు కదా మనకేం తక్కువని ఒకరు, ఎవరింటి ముందు వాళ్లు రోడ్డుకు అడ్డంగా సిమెంటు గట్టు పోసుకుంటారు. షాకబ్జర్లు పోయిన కారులో ఒక్కో గట్టూ నేరుగా నెరెయిదా వెన్నులోకి వచ్చి కూర్చునేది. యాభై రెండేళ్లకే ఆమెకు మెట్లన్నా, మంచమన్నా, తెల్లవారడమన్నా విసుగొచ్చేసింది.

మేస్త్రి కారును నాలుగు మూలలా అదిమాడు.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు... తల్లీ, ఇది కారు కాదు, పడవ. ముందువైపు నూనె మొత్తం కారిపోయింది. వెనకవాటిలో ఉందేమోనని అడగను, అవమానపడతాయి."

"సాయంత్రానికి ఇచ్చేయండి మేస్త్రీ. చచ్చి మీ కడుపున పుడతాను."

"చావకు. కారెవరు తీసుకెళ్తారు?"

ఆమె ముక్కాలిపీట మీంచి లేవబోయింది. మొదటిసారి కుదరలేదు. రెండోసారీ కుదరలేదు. మూడోసారి గోడ పట్టుకుని లేచింది. మేస్త్రి చేతులు తుడుచుకుంటూ చూశాడు. ఆ ఒక్కసారికీ ఏదీ పైకి లెక్కపెట్టలేదు.

సాయంత్రం ఫోను చేస్తే, "పైన రబ్బరు ముక్క దొరకలేదు" అన్నాడు. శుక్రవారం చేస్తే, "కొత్త స్ప్రింగు కదా, దాని చోట్లో అది కూర్చోవాలి, తొందరపెడితే అలుగుతుంది" అన్నాడు. శనివారం ఆయన భార్య ఫిదెలీనా ఎత్తింది.

"పరీక్షలో ఉందమ్మా."

"ఎప్పటికవుతుంది?"

"నా పెళ్లయి నలభై నాలుగేళ్లయింది, నా పరీక్షే ఇంకా పూర్తి కాలేదు."

నెరెయిదాకు నవ్వు రాలేదు. స్టాండులో ఒక నియమం ఉంది. వరసగా మూడు రోజులు కారు కనబడకపోతే నాలుగో రోజు పొద్దున పేరు కొట్టేస్తారు. ఆ చోటు కోసం ఇరవైమంది కాచుక్కూర్చున్నారు. ఒకసారి పోతే మళ్లీ ఈ జన్మకు రాదు. ఆ భయంతో ఆమె మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ మేస్త్రిని, ఆయన తాతముత్తాతలను వరసగా తిట్టింది. తిడుతూ తిడుతూ నిద్రపోయింది. లేచేసరికి మధ్యాహ్నం రెండు. భర్త పోయినప్పటినుంచీ అంతసేపు పడుకున్నది అదే మొదలు. పోయి మొహం కడుక్కుని, మిగిలిన అరటికాయ ముద్ద రెండు గుడ్లతో తిని, మళ్లీ తిట్టడానికని పడుకుంది. ఈసారి ముత్తాతల దాకా కూడా రాకుండానే కళ్లు మూతపడ్డాయి. ఆదివారం కూడా అలాగే గడిచింది. అలా పడుకున్నందుకు తనమీద తనకే ఒళ్లు మండిపోయింది.

సోమవారం తెల్లవారుతూనే షెడ్డుకు వెళ్లింది. తలుపు వేసి ఉంది. బయట ఆరు కార్లు, ఆరుగురు మనుషులు. ఆరుగురూ మేస్త్రిని తిడుతున్నారు. నెరెయిదా కారు లేదు.

ఇక బతిమాలుకోవడం ఒకటే దారి. ఎవరి కోంచోనో ఎక్కి స్టాండు చేరుకుంది. అక్కడ వరసలు చూసే ఉబాల్దో చెవిలో పెన్సిలు పెట్టుకుని కాఫీ తాగుతున్నాడు.

"తమ్ముడూ, నా పేరు కొట్టెయ్యకు. కారు ఆ పిచ్చాడి దగ్గర ఇరుక్కుపోయింది. ఒక్కరోజు ఆగు. నీ కాళ్లు పట్టుకుంటాను, అంటే, వంగగలిగితే పట్టుకుంటాను."

ఉబాల్దో ఆమెకేసి విచిత్రంగా చూశాడు.

"నీ పేరెందుకు కొడతానక్కా? నీ కారు రోజూ అయిదున్నరకే వస్తోందిగా. తిరగడం మాత్రం... ఇదిగో, నీకంటే ముందు నీ బండికే నూరేళ్లు."

మూల మలుపులోంచి ఆమె కరోలా నత్తలా వచ్చింది. ముందు ఒక గుంత, దాని తర్వాత గట్టు. కారు ఒక్కసారి మెత్తగా లేచి కుదురుకుంది. లోపల్నించి ఆరు గొంతులు నీరసంగా "ఒకటీ..." అన్నాయి. స్టీరింగు వెనక తిబుర్సియో మేస్త్రి తృప్తిగా తల ఊపుతున్నాడు.

ముందుగా దిగింది కసిల్దా. ఆసుపత్రి వంటింట్లో పనిచేసే మనిషి, రెండు సీట్ల మనిషి, నాలుగు వీధులకు వినిపించే గొంతు.

"వచ్చావా తల్లీ! మేరీమాత నా మొర విన్నది! ఈయన కారు నడపడం లేదు, కాటా పెడుతున్నాడు. నన్ను ఎడమవైపు కూర్చోబెట్టి, నాకు సమానంగా కుడివైపు ముగ్గుర్ని ఎక్కించాడు. ఒకడు సగంలో దిగితే, బరువు సరిపోవట్లేదని నన్ను మధ్యకు జరగమన్నాడు. గట్టు దగ్గరల్లా ఆపి మాచేత లెక్క చెప్పిస్తాడు. నాలుగు రోజులుగా రోగులందరికీ నావల్ల ఆలస్యంగా అన్నం!"

"మరి తేడాగా కూర్చుంటే కొత్త షాకబ్జర్లు ఒకవైపే అరగవూ?" అన్నాడు మేస్త్రి నొచ్చుకుంటూ.

నెరెయిదా ఆయన ముందుకెళ్లి నిలబడింది.

"ఈ కారు ఎప్పుడు పూర్తయింది?"

"గురువారం. దీపాలు పెట్టే వేళకి."

"మరి ఆ రబ్బరు ముక్క?"

"నా జేబులోనే ఉండింది."

"నాలుగు రోజులు నేను చచ్చి బతికాను మేస్త్రీ! నా చోటు పోయిందని!"

"చోటెలా పోతుంది? పొద్దున్నే తెచ్చి నిలబెడుతున్నానుగా." మేస్త్రి కారులోకి వంగి, ముందు అద్దం పైనున్న ఎండ పలక వెనకనుంచి నాలుగు మడతల కాగితం తీశాడు. "నీకు డాక్టరు ఎనిమిది రోజులు పడుకోమని రాశాడు. ఇక్కడ దాచిపెడితే నడుము దానంతటదే నయమవుతుందనుకున్నావా?"

నెరెయిదా మొహం ఎర్రబడింది. "నా కాగితాలు చూడమని ఎవరు చెప్పారు?"

"కారులో ఉన్నదంతా నా పనే."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"చెబితే పడుకునేదానివా?"

ఆమె మళ్లీ అరవబోయింది. ఉబాల్దో కాఫీ గ్లాసు పక్కన పెట్టాడు.

"అరవకక్కా. మా అమ్మ పోయినప్పుడు నా బండి కూడా తొమ్మిది రోజులు పరీక్షించాడీయన. తొమ్మిది రాత్రుల ప్రార్థనలూ అయ్యేదాకా తాళం ఇవ్వలేదు. అప్పుడు నేను రాయి తీసుకుని షెడ్డు మీదికెళ్లాను."

"తలకి తగిలింది కూడా," అన్నాడు మేస్త్రి. "మచ్చ ఉంది, చూస్తావా?"

నెరెయిదా చెయ్యి చాచింది. మేస్త్రి తాళం ఇచ్చాడు. కసిల్దా చప్పట్లు కొట్టి, అందరికంటే ముందు వెళ్లి తనకు నచ్చిన వైపు కూర్చుంది. నెరెయిదా స్టీరింగు ముందు కూర్చుని క్లచ్చి తొక్కింది. నడుములో ఏదో కలుక్కుమంది. పళ్లు బిగించి ఇంకోసారి తొక్కింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మేస్త్రి ఆకాశంలో మబ్బులేవో చూస్తున్నాడు.

ఆమె మెల్లగా దిగి తాళం ఆయన చేతిలో పెట్టింది.

"ఇంకా నాలుగు రోజులుంది మీ పరీక్ష. పోతూ పోతూ నన్ను ఇంటి దగ్గర దింపండి. వెనక చోటుందా?"

"కసిల్దా పక్కన కొంచెం ఉంది. బరువు కూడా సరిపోతుంది," అన్నాడు మేస్త్రి.

కసిల్దా లోపలికి జరిగింది. జరుగుతూనే మొదలుపెట్టింది: "ఇంకా నాలుగు రోజులు ఈయనా! అంతకంటే నేను నడిచి పోతాను, నా రోగులు బతికుంటే నన్ను..." అంటూ పక్కకు తిరిగి చూసి ఆగిపోయింది. కారు మూల తిరిగేలోపే నెరెయిదా ఆమె భుజం మీద తల వాల్చి నిద్రపోయింది.

మొదటి గట్టు వచ్చింది. కారు మెత్తగా లేచి కుదురుకుంది. మేస్త్రి లెక్కపెట్టలేదు, వెనకవాళ్లను చెప్పమనీ అనలేదు. రెండోది, మూడోది దాటాయి. దిగాల్సినవాళ్లు ముందు సీటు మీద వేలితో తట్టి దిగి, తలుపులు పసిపిల్లను పడుకోబెట్టినట్టు మూశారు. నెరెయిదా ఇల్లు వచ్చింది. ఎవరూ లేపలేదు. ఆసుపత్రి గేటు కూడా వచ్చింది. ఇక్కడ ఆపమని నాలుగు వీధులు దద్దరిల్లేలా అరవాల్సిన మనిషి అరవలేదు. గేటు వెనక్కి వెళ్లిపోవడం గుడ్లప్పగించి చూసి, గొంతులోనే మేస్త్రిని ఒక బూతు తిట్టింది.

రెండో చుట్టులో తొమ్మిదో గట్టు దగ్గర కసిల్దా ముందుకు వంగబోయి, భుజం మీద తల కదిలేసరికి మళ్లీ వెనక్కి సర్దుకుంది. కాలితో మేస్త్రి సీటును మెల్లగా తన్నింది.

"ఏమయ్యా," అంది గుసగుసగా, "అది కాస్త పెద్ద గట్టు. చూసి పోనీ."