పెట్టెలో జనం

మా ముత్తాతగారు టెక్కలి వైపు నుంచి మట్టిపని మేస్త్రీగా బిలాస్‌పూర్ వచ్చి, రైలుకట్టలు పోయించే కాంట్రాక్టరుగా స్థిరపడ్డారు. మా తాతగారు పట్టాల కింద వేసే సాల్ కర్ర స్లీపర్లు రైల్వేకి సరఫరా చేశారు. ఆయన గుర్రబ్బండి గోల్ బజార్‌లోకి వస్తే దుకాణదారులు లేచి నిలబడేవారట. విన్నమాటే అయినా నమ్ముతాను. మా నాన్నగారు కాలినడకన వెళ్లినా కొందరు లేవడం నా కళ్లతో చూశాను. వారి తర్వాతవాణ్ణి నేను. నన్ను చూసి ఎవరూ లేవలేదు, లేవాలని నేనూ అనుకోలేదు. కానీ కుర్చీలో కూర్చుంటే ఇప్పటికీ వీపు వెనక్కి ఆనించను. మా ఇంట్లో అలా నేర్పారు.

రైల్వే కాలనీ దాటాక వచ్చే మొదటి మలుపులో మా ఇల్లు. వీధివైపు పొడుగాటి అరుగు, దాని వెనక హాలు, హాలుకి రెండు పెద్ద కిటికీలు. శనివారం సాయంత్రం కూలీలకు వారం కూలి డబ్బుల బట్వాడా ఆ కిటికీల దగ్గరే జరిగేది. అడవిలో కర్ర కోసేవాళ్లు, డిపోలో మోసేవాళ్లు, వాళ్ల ఆడవాళ్లు, చంకల్లో పిల్లలు. తెలుగూ ఛత్తీస్‌గఢీ కలిసిపోయి ఒకటే గోల. పేరు పిలవగానే ఒకడు అరిచేవాడు, వాణ్ణి చూసి పదిమంది నవ్వేవారు. ఆ గోల ఇంటికి గోడల్లాంటిదని చిన్నతనంలో నాకు తెలియదు.

తర్వాత పట్టాల కిందికి సిమెంటు స్లీపర్లు వచ్చాయి. మా కాంట్రాక్టు ఆగిపోయింది. ముందు గుర్రబ్బండి పోయింది, తర్వాత డిపో స్థలం, ఆ తర్వాత టేకు బీరువాలు. అయినా శనివారం సాయంత్రం అయ్యేసరికి నాన్నగారు ఉతికిన చొక్కా వేసుకుని కిటికీ దగ్గర నిలబడేవారు. వీధి ఖాళీగా ఉండేది. కాసేపు చూసి లోపలికి వెళ్లిపోయేవారు.

ఆ రోజుల్లోనే కాలనీలోని ఆంగ్లో ఇండియన్ రైలు డ్రైవరు ఒకాయన ఆస్ట్రేలియా వెళ్లిపోతూ బంగళా ముందు గడ్డిలో సామానంతా పరిచి అమ్మకానికి పెట్టాడు. ఆయన స్వయంగా వచ్చి పిలిచాడు. పిలిచాక వట్టి చేతులతో తిరిగి రావడం మాకు అలవాటు లేదు. నాన్నగారు ఒక రికార్డు ప్లేయరు, యాంప్లిఫైయరు, మోకాలెత్తు స్పీకర్లు రెండు కొన్నారు. వాటితో పాటు ఒక ఇంగ్లీషు రాక్ బ్యాండ్ కచేరీ రికార్డు వచ్చింది. రెండు ప్లేట్లు, అట్ట పుస్తకంలా తెరుచుకునేది. లోపల ఒకే ఫొటో. వేదిక వెనక నుంచి తీసింది. పాడేవాళ్ల వీపులు కొంచెమే కనిపిస్తాయి, మిగతాదంతా జనం ముఖాలు.

నాన్నగారు ఆ ఫొటోని చాలాసేపు చూశారు. మొదటిసారి సూది పెట్టగానే పాట రాలేదు. చప్పట్లు వచ్చాయి. హాలంతా చప్పట్లు, ఈలలు, దూరంగా ఎవరో కేక. పాట ఇంకా మొదలే కాలేదు.

ఆ రికార్డులో ఏముందని మా అమ్మాయి ఈమధ్య అడిగింది. అదే బ్యాండ్ స్టూడియో గదిలో కూర్చుని పాడిన రికార్డులు తర్వాత నేనూ విన్నాను. అవి ఇస్త్రీ చేసిన బట్టల్లా ఉంటాయి. కచేరీ రికార్డు అలా కాదు. గిటారు వాయించే ఆయన తీగలు బిగించుకోవడం వినిపిస్తుంది. పాడే మనిషికి ఆయాసం వస్తుంది. మామూలుగా మూడు నిమిషాల్లో అయిపోవలసిన పాట ఒక వైపంతా సాగుతుంది, ఎందుకంటే జనం వదలరు. డ్రమ్ములాయన ఒక్కడే వాయిస్తుంటే మిగతావాళ్లు పక్కకెళ్లి మంచినీళ్లు తాగుతున్నారని మేం ఊహించుకునేవాళ్లం. రెండో ప్లేటులో ఒకచోట పాట తప్పుగా ఎత్తుకుంటారు. ఆగిపోతారు, నవ్వుతారు, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటారు. ఆ తప్పును తీసేయకుండా అలాగే ఉంచారు. అక్కడ జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొడతారు. అది వచ్చినప్పుడల్లా నాన్నగారు నా వైపు తిరిగి, "తప్పు పాడేరు, అయినా ఒక్కడూ లేచెళ్లలేదు, సూసేవా" అనేవారు.

ఒక ఈలాయన కూడా ఉండేవాడు. నెమ్మదైన పాట మధ్యలో, అందరూ ఊరుకున్నప్పుడు, ఒకే ఒక్క పొడుగాటి ఈల. వంటింట్లోంచి అమ్మ, "మీ ఈలాయన వచ్చేడా? కాఫీ పెట్టనా?" అని అడిగేది.

శనివారాలు నాన్నగారు కిటికీలు రెండూ తెరిచి స్పీకర్లను వాటికి ఎదురుగా పెట్టించేవారు. ప్లేట్లు తిప్పడం నా పని. మొదటి శనివారమే ఒక సంగతి జరిగింది. మా డిపోలో మేస్త్రీగా చేసి మానేసిన ముసలాయన ఆ వీధిన పోతూ మా ఇంట్లోంచి జనం గోల విన్నాడు. గబగబా గేటు తోసుకుని వచ్చి తలపాగా విప్పి చేతిలో పట్టుకుని అరుగు కింద నిలబడ్డాడు.

"బట్వాడా మొదలెట్టీసేరేటి బాబూ? నాకు కబురెట్టలేదు."

నాన్నగారు బయటికి వచ్చి, "బట్వాడా కాదు మేస్త్రీ, పాట. కూకో," అన్నారు.

ఆయన అరుగు మీద కూర్చున్నాడు. ఆ వైపు అయ్యేదాకా విన్నాడు. నేను రెండో వైపు పెట్టగానే మళ్లీ చప్పట్లు మొదలయ్యాయి.

"ఇంకా పాడనే లేదు గదా బాబూ, అప్పుడే తప్పట్లేటి?"

"అదే పరపతంటే," అన్నారు నాన్నగారు.

మేస్త్రీ నవ్వలేదు. తలూపాడు. ఆ తర్వాత ప్రతి శనివారం వచ్చేవాడు. ఆయన్ని చూసి ఇంకొకరిద్దరు వచ్చేవారు. పాట ఎవరికీ అర్థమయ్యేది కాదు. జనం అర్థమయ్యేవారు. వీధిన పోయేవాళ్లు మా గేటు దగ్గర ఒక క్షణం ఆగి లోపలికి చూసేవారు. నాన్నగారికి అది చాలు.

ఇలా ఉండగా బిల్హాలో బియ్యం మిల్లున్న సేఠ్ ఒకాయన ఆ సెట్టు కొంటానని కబురంపాడు. అప్పటికి మా ఇంట్లో అమ్మడానికి అదొక్కటే మిగిలింది. అది కాకపోతే ఇంట్లో వీధివైపు భాగం అమ్మాలి. అమ్మ నాన్నగారితో, "పెట్టె పోతే మళ్లీ పెట్టె వస్తాది. అరుగు పోతే మళ్లీ రాదు," అంది. నాన్నగారు సేఠ్‌ని రమ్మని కబురు చేశారు.

సేఠ్ లోకల్ రైలు దిగి నేరుగా మా ఇంటికొచ్చాడు. నాన్నగారు ఆయన్ని పెద్ద కుర్చీలో కూర్చోబెట్టి, పింగాణీ కప్పులో టీ ఇప్పించి, స్వయంగా ఆ రికార్డే పెట్టారు. చప్పట్లు మొదలయ్యాయి. సేఠ్ టీ కప్పు కింద పెట్టి స్పీకరు దగ్గర చెవి ఆనించాడు.

"బాబూసాహబ్, మెషీన్ ఖరాబ్ అయినట్టుంది," అన్నాడు హిందీలో. "రేకు మీద వాన పడ్డట్టు శబ్దం వస్తోంది."

"అది జనం," అన్నారు నాన్నగారు.

"అచ్ఛా, జనమా? మరి జనం లేకుండా వినిపించండి. గానా ఒక్కటీ."

నాన్నగారు లేచి సూది ఎత్తారు. ప్లేటు గుడ్డతో తుడిచి కవర్లో పెట్టారు. అంతా నెమ్మదిగా చేశారు. తర్వాత, "క్షమించండి సేఠ్‌జీ, ఇది అమ్మకానికి లేదు," అన్నారు. సేఠ్ ధర పెంచాడు. నాన్నగారు ఆయన్ని గేటు దాకా సాగనంపి, రిక్షా పిలిపించి, అది మలుపు తిరిగేదాకా నిలబడ్డారు.

లోపలికి రాగానే అమ్మ అంది: "ఇంట్లో జనానికి బియ్యం నిండుకున్నాయి. పెట్టెలో జనానికేటి, మారాజులు."

"ఆలకి నువ్వు వండక్కర్లేదు గదా," అన్నారు నాన్నగారు. అమ్మ నవ్వు ఆపుకోవాలని చూసింది, కానీ ఆగలేదు. ఆ రోజు వాళ్లిద్దరూ అలా నవ్వడం నాకు గుర్తుంది. ఆ తర్వాత అంతగా నవ్వలేదు.

ఆ శనివారం మేస్త్రీ వచ్చేసరికి నాన్నగారు రెండో ప్లేటు పెట్టించారు. తప్పుగా ఎత్తుకున్న పాట దగ్గర ఇద్దరూ కళ్లు మూసుకుని విన్నారు.

ఇప్పుడు నాన్నగారు లేరు, అమ్మ లేదు, మేస్త్రీ ఎప్పుడో పోయాడు. సెట్టు నా దగ్గరే ఉంది. దాని బెల్టు రెండుసార్లు మార్పించాను. ఊరి చివర కోని యూనివర్సిటీ హాస్టల్లో ఉండి చదువుతున్న మా అమ్మాయి శని, ఆదివారాలు ఇంటికొస్తుంది. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు, కాబట్టి ఈ రాసినది తనకు నేనే చదివి వినిపించాలి. కిందటిసారి ఆ రికార్డునే ఫోన్‌లో వెతికి పట్టుకుంది.

"వినండి నాన్నా, ఎంత సాఫ్‌గా ఉందో. జనాన్ని తగ్గించేశారు, గానా బాగా వినపడాలని."

విన్నాను. పాట బాగానే ఉంది. తప్పుగా ఎత్తుకున్న చోటు లేదు. ఈల కోసం చూశాను, అదీ రాలేదు.

"బాగుందా?"

"బాగుంది. ఇక ఆపెయ్."

నేను ప్లేటు తీసి మా సెట్టు మీద పెట్టాను. చప్పట్లు మొదలయ్యాయి. అమ్మాయి ఫోన్ పక్కన పెట్టి, అట్ట తెరిచి, ఆ ముఖాలు చూస్తూ కూర్చుంది. ఈల వచ్చినప్పుడు తలెత్తి, "యే కౌన్ హై?" అంది. నేను చెప్పాను. తను నవ్వింది. శబ్దం ఇంకాస్త పెంచమంది. పెంచాను. మేం ఉంటున్న వెనక గదికి ఒకటే కిటికీ. దానికి ఎదురుగా పక్కవాళ్ల గోడ.

సేఠ్ వచ్చి వెళ్లిన మరుసటి వానాకాలం ఇంట్లో వీధివైపు భాగం అమ్మేశాం. అరుగు, హాలు, హాలుకున్న రెండు కిటికీలు.