వజీరాబీ చేతి మాట

మూత కింద పడ్డ చప్పుడుకు బడిలో పిల్లలంతా ఉలిక్కిపడ్డారు. ఒక్క అంకిత తప్ప.

మూడేళ్ల కిందటి జూన్ నెల అది. వజీరాబీ పొయ్యి మీది నుంచి పప్పు దేక్సా దించుతుంటే చేతిలోని పెద్ద మూత జారి బండల మీద పడింది. వరండాలో వరుసగా కూర్చున్న పిల్లలు ఒక్కసారిగా ఇటు తిరిగారు. ఒకటో తరగతిలో కొత్తగా చేరిన అంకిత మాత్రం కంచం అంచు మీద పాకుతున్న చీమను చూస్తూ అలాగే కూర్చుంది. వజీరాబీ మూత తీసి మళ్లీ కావాలనే కింద పడేసింది. ఈసారి కూడా ఆ పిల్ల తల తిప్పలేదు.

వజీరాబీ మూత తీసి పక్కన పెట్టి, వడ్డన మొదలుపెట్టింది.

ఎర్రగుంటపల్లి బషీరాబాద్ మండలంలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది. అక్కడి ప్రాథమిక పాఠశాలకు ఉన్నది ఒక గది, ఒక వరండా, పక్కన రేకుల వంటషెడ్డు. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులున్నా సార్ ఒక్కరే. సుధాకర్ సార్ రోజూ తాండూరు నుంచి బండి మీద వచ్చి పదిహేడు మంది పిల్లలకు ఐదు తరగతుల పాఠాలూ ఆ ఒక్క గదిలోనే చెబుతారు. మండలంలో మీటింగు ఉన్న రోజు పిల్లల్ని కూర్చోబెట్టి ఎక్కాలు చదివించేది కూడా వజీరాబీయే. ఆమెకు వచ్చింది ఐదో ఎక్కం దాకే. ఆరో ఎక్కం నుంచి పెద్దపిల్లలు చదువుతారు, ఆమె వాళ్లతో కలిసి అంటుంది.

అన్నాలయ్యాక సార్ దగ్గరికి వెళ్లింది.

"సార్, మొగులవ్వ మనుమరాలు ఉంది గద, గా పిల్లకు ఇనొస్తలేదు."

సుధాకర్ సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "కొత్త గదా వజీరమ్మా, బెదురుకుంటుందేమో అనుకున్న. ఎన్నిసార్లు పిలిచినా పలకది. మొండిదనుకున్న."

"మొండిది కాదు సార్. నాకెర్క."

ఆమెకు ఎలా తెలుసో సార్ అడగలేదు. ఆమే చెప్పింది. వజీరాబీ కంటే ఆరేళ్లు చిన్నవాడు తమ్ముడు ఫైజ్. పుట్టు చెవుడు. ఆ సంగతి ఇంట్లో వాళ్లకు తెలిసేసరికి వాడికి నాలుగేళ్లొచ్చాయి. ఏడేళ్లప్పుడు ఇదే బడికి పంపితే, అప్పుడున్న సార్ వారం రోజులు చూసి, ఈ మూగ పిల్లాడికి చదువు రాదని పలక చేతికిచ్చి పంపేశాడు. వాడి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది వజీరాబీయే. అమ్మానాన్నలు కూలికి పోతే వాడిని చూసుకునే వాళ్లు లేక ఆమె ఆలస్యంగా మొదలుపెట్టిన చదువు కూడా ఆగిపోయింది. మళ్లీ ఆ గది గడప తొక్కింది ముప్పై ఏళ్ల తర్వాత, వంటమనిషిగా.

ఇంట్లో ఉన్న ఆ ఏళ్లలోనే అక్కాతమ్ముళ్లిద్దరూ చేతులతో ఒక భాష చేసుకున్నారు. అన్నం, నీళ్లు, మేక, వాన, కోపం, అమ్మ వచ్చింది, నాన్న తిడతాడు. అన్నిటికీ ఒక్కో సైగ. ఇంకెవరికీ అర్థమయ్యేది కాదు. ఇంకెవరితో పని కూడా ఉండేది కాదు.

మర్నాడు కంచంలో అన్నం పెట్టి వజీరాబీ అంకిత ముందు కూర్చుంది. అయిదు వేళ్లు దగ్గరికి చేసి నోటి దగ్గర పెట్టి, తల ఊపుతూ కనుబొమలెగరేసింది. తింటావా? అంకిత ఆమె ముఖాన్నీ చేతినీ మార్చి మార్చి చూసింది. తర్వాత తన చిన్న వేళ్లు దగ్గరికి చేసి నోటి దగ్గర పెట్టుకుంది. వజీరాబీ కొంగుతో ముఖం తుడుచుకుని, పొగ వల్ల అన్నట్టు పొయ్యి వైపు తిరిగింది.

అంకితను పెంచుతున్నది నానమ్మ మొగులమ్మ. కొడుకు చంద్రకాంత్, కోడలు హైదరాబాద్‌లో బిల్డింగు పనులకు పోయారు. చిన్న పిల్లాడిని వెంట తీసుకుపోయి, అంకితను ముసలామె దగ్గర వదిలారు. చెవుల సంగతి చెబితే మొగులమ్మ ముందు ఒప్పుకోలేదు.

"వాళ్ల నాయినకు గుడ ఆలస్యంగనే మాటలొచ్చినయ్ వజీరా. వస్తయ్ తియ్."

"రాకపోతే అవ్వా?"

మొగులమ్మ మోకాళ్లు రుద్దుకుంది. "ఎన్నడన్నా ఎనకకెల్లి పిలుస్తే చూడది. నేను దగ్గరికి పోయి ముట్టుకుంట," అంది. అంటే ఆమెకూ తెలుసు.

సుధాకర్ సార్ నానమ్మనూ మనుమరాలినీ వెంటబెట్టుకుని తాండూరు ఆసుపత్రికి తీసుకెళ్లారు. వికారాబాద్‌లో జరిగిన క్యాంపులో చెవికి పెట్టుకునే మిషన్ ఇచ్చారు. దాంతో డప్పు చప్పుడు, బస్సు హారన్ తెలిసేవి గానీ మాటలు తెలిసేవి కావు. వినికిడి లేని పిల్లలకు నేర్పే టీచర్ ఒకామె ప్రతి బుధవారం బషీరాబాద్‌కు వస్తుందని మండల ఆఫీసులో చెప్పారు. కానీ మొగులమ్మకు మోకాళ్ల నొప్పులు, ప్రతి వారం ఆటో ఎక్కి దిగలేదు. సార్ బడి వదిలి వెళ్తే మిగతా పదహారు మందికి ఆ రోజు పాఠాలుండవు. వజీరాబీ వెళ్తే పొయ్యి వెలగదు.

బడి తల్లుల మీటింగులో వజీరాబీ ఈ మాట ఎత్తింది. సాధారణంగా ఆ మీటింగుల్లో ఆమె చాయ్ పోసి పక్కకు నిలబడేది.

"ఒక్కలే ఎప్పటికీ తీస్కపోవాలంటే ఎవలకైనా కష్టమే. తలా ఒక బుధవారం పోదాం. పదిహేడు మంది పిల్లలున్నరు. నాలుగు నెలలకు ఒక్కసారి వస్తది ఒక్కొక్కలకు."

కంది చేను కలుపు రోజులవి, ఒక పూట పోతే కూలి పోతుంది. అయినా మూడో తరగతి సాహిత్య వాళ్లమ్మ, "గీ బుధవారం నేను తీస్కపోత," అంది. తర్వాతి వారానికి ఇంకొకామె. అలా మొదలైంది.

వెళ్లిన ప్రతి తల్లీ ఆ గంట సేపు అక్కడే కూర్చుని, నాలుగైదు సైగలు నేర్చుకుని వచ్చేది. షేర్ ఆటో దిగగానే పిల్లలు చుట్టుముట్టేవాళ్లు, ఇవాళ ఏం నేర్చుకొచ్చారని. దీపావళి దాటేసరికి ఊళ్లో ఒక చిత్రం జరిగింది. కంది చేలల్లో ఈ చివర నుంచి ఆ చివరకు ఆడవాళ్లు చేతులతో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నీళ్ల డబ్బా తే, అన్నానికి రా, మేస్త్రీ వస్తున్నాడు. గొంతు చించుకుని అరిచే పని తప్పిందని నవ్వుకునేవాళ్లు.

పిల్లలు ఊళ్లో అందరికీ చేతి పేర్లు పెట్టారు. సార్‌కు కళ్లద్దాలు పైకి నెట్టుకోవడం. మొగులమ్మకు చెవికి వేలాడే గంటీలు. వజీరాబీకి గంటె తిప్పడం.

వజీరాబీ సైగల్లో కొన్ని సరైనవి కావని తేల్చింది మాత్రం ఫైజ్. అతను తాండూరులో బండల పాలిషింగు యూనిట్‌లో పనిచేస్తాడు. తనలాంటి స్నేహితులు పదిమంది దాకా ఉన్నారక్కడ. ఫోన్లో వీడియోలో మాట్లాడుకుంటారు, అసలు సైగల భాష వాళ్ల దగ్గరే నేర్చుకున్నాడు. అక్క పిలిస్తే ఒక శుక్రవారం, నమాజు సెలవున, పొద్దున్నే వచ్చాడు. వచ్చి వరండా మెట్టు దగ్గరే ఆగిపోయాడు. సార్ రమ్మన్నా లోపలికి రాలేదు. నలభై దాటిన మనిషి చెప్పులు చేత్తో పట్టుకుని గది లోపలి బల్లల వైపు చూస్తూ నిలబడ్డాడు.

అంకిత బయటికి వచ్చింది. అతను ఆమెకు సైగ చేశాడు. నీ పేరేంటి? ఆమె చెప్పింది. అతను తన చెవి చూపించి చెయ్యి అడ్డంగా ఊపాడు. నాకు వినబడదు. అంకిత కళ్లు పెద్దవి చేసింది. ఇంత పెద్దవాళ్లలో కూడా తనలాంటి వాళ్లుంటారని ఆమెకు అంతవరకు తెలియదు. అతని ప్యాంటు పట్టుకుని గుంజుకుంటూ లోపలికి తీసుకుపోయి తన బల్ల మీద పక్కన కూర్చోబెట్టుకుంది. వజీరాబీ గుమ్మం దగ్గరి నుంచే చూసి, పొయ్యి మీద అన్నం మాడుతోందని వెళ్లిపోయింది. ఆ రోజు నిజంగానే అన్నం అడుగంటింది. పిల్లలు వంకలు పెట్టకుండా తిన్నారు.

తర్వాతి ఏడాది వానాకాలంలో చంద్రకాంత్ వచ్చాడు. ఒక రాత్రి ఉండి, పొద్దున్నే తల్లితో చెప్పాడు, అంకితను తీసుకుపోతానని. మొగులమ్మ కొడుకును కాదనలేక వజీరాబీకి కబురు పంపింది. ఆమె పప్పు నానబెట్టి, చేతులు తుడుచుకుంటూ వాళ్లింటికి వెళ్లింది.

"మాట రాని పిల్లకు సదువేం అక్కరకొస్తదక్కా?" అన్నాడు చంద్రకాంత్. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మేమిద్దరం పనికి పోతే చిన్నోన్ని చూసేటోళ్లు లేరు. ఇది ఉంటే వాన్ని ఆడిపిస్తది. కండ్ల ముందల గుడ ఉంటది."

వజీరాబీ గడప మీదే కూర్చుంది. చిన్నోన్ని చూసుకోవడానికి బడి మానిన పిల్ల ఎలా ఉంటుందో ఆమె ఎవరికీ ఎప్పుడూ చెప్పుకోలేదు.

"నీ బిడ్డ, నీ ఇష్టం తమ్మీ," అంది. "ఒక్క పూట బడికి రా. మాతోని అన్నం తిను. గా తర్వాత తీస్కపోతనంటే నేనే సంచి సదురుత."

అతను మధ్యాహ్నం వచ్చాడు. వరండాలో ఒక మూల కూర్చున్నాడు. పిల్లలు తింటూ చేతులతో ఏవేవో చెప్పుకుంటూ నవ్వుకుంటున్నారు. వాళ్లలో తన కూతురు ఏదో చెబుతుంటే ఐదుగురు పిల్లలు ముందుకు వంగి చూస్తున్నారు. అది కథ. కోతి, గుడ్డు, సార్ బండి అందులో ఉన్నాయి. చివర్లో అందరూ పగలబడి నవ్వారు. అంకిత అందరికంటే గట్టిగా నవ్వింది. ఆ నవ్వు చప్పుడు అతను ఎప్పుడూ వినలేదు.

పక్కన కూర్చున్న సాహిత్య అతనికి చేతి పేర్లన్నీ విడమరిచి చెబుతోంది. గిది సార్, గిది వజీరక్క, గిది మొగులవ్వ.

"మరి నన్నేమంటది?" అని అడిగాడు.

సాహిత్య తల వంచుకుంది. "అడగనా?"

అడిగింది. అంకిత తండ్రి వైపు చూసింది. భుజానికి సంచి తగిలించుకున్నట్టు చేసి, చెయ్యి దూరంగా ఊపింది. అది అతని పేరు. సంచి వేసుకుని వెళ్లిపోయేవాడు.

సాహిత్య మాటల్లో చెప్పాల్సిన అవసరం లేకపోయింది. చంద్రకాంత్ కంచం పట్టుకుని నల్లా దగ్గరికి వెళ్లి చాలాసేపు కడిగాడు. వజీరాబీ గిన్నెలు పట్టుకుని అక్కడికే వచ్చింది.

"అక్కా," అన్నాడు అటు తిరిగే. "తిన్నవా అని ఎట్లడగాలె?"

ఆమె చూపించింది. అతను తడి చేత్తో రెండుసార్లు చేసి చూసుకున్నాడు. "మంచిగున్నవా అని?" అది కూడా చూపించింది.

సాయంత్రం బస్సుకు అతనొక్కడే వెళ్లిపోయాడు. పిల్లాడి కోసం పని దగ్గర ఇంకెవరో ముసలామెను కుదుర్చుకున్నారని నెల తర్వాత తెలిసింది. అప్పటి నుంచి ఆదివారాలు సాహిత్య వాళ్లమ్మ ఫోనుకు వీడియో కాల్ వస్తోంది. మొదట్లో అతని సైగలన్నీ తప్పులే. అంకిత ఫోనుకు ముఖం ఆనించి ఓపిగ్గా దిద్దేది. తల్లి మాత్రం త్వరగా నేర్చుకుంది.

అన్నీ చక్కబడిపోయాయని కాదు. లెక్కలు వచ్చినంతగా అంకితకు చదవడం రాదు. ఐదు తరగతులున్న గదిలో సార్ ఆమె కోసం కేటాయించగలిగేది రోజుకు అరగంటే. పిల్లలు తక్కువున్న బడులను కలిపేస్తారన్న మాట ప్రతి ఏడాదీ వినిపిస్తూనే ఉంది. ఐదో తరగతి తర్వాత ఏమిటని మొగులమ్మ రోజూ వజీరాబీని అడుగుతుంది. వజీరాబీ, "గప్పటికి చూద్దాం అవ్వా, అందరం ఉన్నం గద," అంటుంది. తను కూడా లోపల అదే ప్రశ్న వేసుకుంటుంది.

మొన్న జనవరిలో సరిహద్దు అవతలి ఊరి నుంచి ఒకామె వచ్చింది, ఆరేళ్ల కొడుకును వెంటబెట్టుకుని. బషీరాబాద్ సంతలో ఎవరో చెప్పారట, ఈ ఊళ్లో చెవిటి పిల్లలకు వంటామె మాటలు నేర్పుతుందని. ఆమెకు కన్నడమే వచ్చు. వజీరాబీకి కన్నడం అంతంత మాత్రం. అన్నం వేళ కాబట్టి ఇద్దరికీ కంచాలు పెట్టింది. పిల్లాడు కొత్త చోట తల్లి కొంగులో ముఖం దాచుకున్నాడు. అంకిత తన కంచం తెచ్చుకుని వాడి ఎదురుగా కూర్చుంది. ఇద్దరూ కాసేపు ఒకరినొకరు చూసుకున్నారు. అంకిత ఒక సైగ చేసింది, మళ్లీ చేసింది. మూడోసారికి పిల్లాడు కొంగు వదిలి, చెయ్యి బయటికి తీసి, తనకు తోచినట్టు ఏదో చేసి చూపించాడు.

తల్లి తినడం ఆపి కొడుకు చేతిని చూసింది. తర్వాత, వాడేమంటున్నాడని వజీరాబీ వైపు తిరిగింది.

"ఏనంతానవ్వా?"

"ఇంక జర పప్పు కావాల్నంట," అంది వజీరాబీ, గంటె అందుకుంటూ.