పక్క సీటు పాప

తొంభైల్లో ఆఫీసు పనిమీద ఖతార్ వెళ్లినప్పుడు, ఒక సాయంత్రం అల్ రయ్యాన్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ చూడ్డానికి ఒంటరిగా వెళ్లాను. నా పక్క సీట్లలో ఒక ఖతారీ ఆయన, మూడేళ్ల కూతురు, వాళ్ల డ్రైవర్ మస్తాన్ కూర్చున్నారు. మస్తాన్‌ది కడప. నేను తెలుగువాడినని తెలిసి తెగ సంబరపడ్డాడు. ఆ ఖతారీ ఆయన మాత్రం చిన్నగా నవ్వి, ఉడికించిన శనగల కప్పు ఒకటి పాపకిచ్చి, ఇంకొకటి నా చేతిలో పెట్టాడు.

ఆట సగమయ్యేసరికి అజాన్ వినిపించింది. ఆయన లేచి, పాపను నా ఒళ్లో కూర్చోబెట్టాడు.

"నమాజు చేసుకొనొస్తాం సార్, పాపను రోంతసేపు చూస్తాండండి," అన్నాడు మస్తాన్.

"నేనెవరో ఆయనకు తెలియదు కదయ్యా!"

"పక్కన కూసున్నారు గదా సార్. ఇంకేం తెలియాల?"

ఇద్దరూ వెళ్లిపోయారు. పాప ఏడుపు మొహం పెట్టింది. ఏడిస్తే ఎలా? ఎవరైనా పోలీసును పిలిస్తే ఏం చెప్పుకోను? నాకు అరబ్బీ ఒక్క ముక్క రాదు. గింజ గొంతుకు అడ్డం పడుతుందేమోనని, పాప కప్పులోని శనగలు ఒక్కొక్కటీ చిదిపి నోట్లో పెట్టాను. పాప తింటూనే ఉంది, నేను మెట్ల వైపు చూస్తూనే ఉన్నాను.

తిరిగొచ్చి పాపను ఎత్తుకున్న ఆయన, నా కప్పు వైపు చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఏదో అన్నాడు.

నేను మస్తాన్ వైపు తిరిగాను. "ఏమంటున్నారు మస్తాన్?"

"మీరేమీ తినలేదంట సార్."

నాకు వాళ్లు వెంట తెచ్చుకున్న ఫ్లాస్కులోంచి టీ పోయడానికి చేతులు ఖాళీ కావాలి కదా, ఆయన పాపను మళ్లీ నా ఒళ్లోనే పెట్టాడు.